ఒక్కో స్వరం పేర్చి కట్టిన బాఖ్

రికార్డింగ్‌కి కూర్చునే ముందు అమెరికన్ స్వరకర్త వెండీ కార్లోస్ చేసే పనుల్లో ఒకటి సింథసైజర్ పెట్టెను సుత్తితో ఓ దెబ్బ వేయడం. అలా వేస్తే తప్ప అది దారికి వచ్చేది కాదట. దెబ్బ పడ్డాక శ్రుతి సరిచూసుకుని, నాలుగు స్వరాలు వాయించి టేపు ఆపేది. ఆ నాలుగు స్వరాల్లోనే శ్రుతి జారిందేమో మళ్లీ చూసుకునేది. జారితే చెరిపేసి మొదటి నుంచి వాయించడమే. ఇలా సుమారు వెయ్యి గంటలు కష్టపడితే తయారైన ఎల్పీ రికార్డే ‘స్విచ్డ్ ఆన్ బాఖ్’. పద్దెనిమిదో శతాబ్దపు జర్మన్ స్వరకర్త బాఖ్ రచనలను సింథసైజర్ మీద వాయించిన ఆల్బమ్ అది. కొలంబియా రికార్డ్స్ దాన్ని 1968 అక్టోబరులో విడుదల చేసింది. కార్లోస్‌కి అదే మొదటి ఆల్బమ్.

సుత్తి సంగతితో మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఈ ఆల్బమ్ గురించి అప్పటి నుంచి ఇప్పటిదాకా వినపడే మాట ‘మెషీన్ వాయించిన బాఖ్’ అని. కంప్యూటర్‌కి ఏవో కార్డులు తినిపిస్తే అదే వాయించిందని నమ్మినవాళ్లు కూడా ఉన్నారు. నిజానికి ఈ ఆల్బమ్‌కీ కంప్యూటర్‌కీ ఏ సంబంధమూ లేదు. 40 నిమిషాల సంగీతంలో ప్రతి స్వరమూ ఒక మనిషి వేలితో మీట నొక్కితే పలికిందే. మామూలు పియానో కచేరీలో కంటే ఇందులో చేతిపనే చాలా ఎక్కువ. అది ఎలాగో తెలియాలంటే ముందు ఆ పెట్టె లోపలికి తొంగి చూడాలి.

ఆ పెట్టెను తయారు చేసినవాడు రాబర్ట్ మోగ్. న్యూయార్క్ రాష్ట్రంలో ట్రూమన్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్లో అతని వర్క్‌షాప్. ఇంటిపేరును చాలామంది ‘మూగ్’ అంటారు కానీ ఆయన తనను తాను ‘మోగ్’ అనే చెప్పుకునేవాడు. తెలుగువాళ్లకు అదే హాయి. శబ్దం చేసే యంత్రానికి మూగ అని పేరుంటే ఏం బాగుంటుంది, మోగాలి గానీ.

మోగ్ సింథసైజర్ అంటే ఇప్పుడు పెళ్లి ఆర్కెస్ట్రాల్లో కనిపించే కీబోర్డు లాంటిదని అనుకోవద్దు. గోడకు ఆనించిన బీరువాలా ఉండేది. ముందు వైపంతా గుండ్రటి నాబ్‌లు, రంధ్రాలు, వాటి మధ్య వేలాడే వైర్లు. పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజిని తలచుకుంటే సరిపోతుంది. లోపల మూడు రకాల పనులు జరుగుతాయి. ఆసిలేటర్ అనే భాగం ముడి నాదాన్ని పుట్టిస్తుంది. అది అలాగే వింటే బజర్ మోతలా ఉంటుంది. దాన్ని ఫిల్టర్ చెక్కుతుంది. పక్క వీధిలో ఫంక్షన్ హాలు తలుపులు మూసి ఉన్నప్పుడు లోపలి పాట మందంగా, గుబగుబమని వినిపిస్తుంది కదా, ఎవరో తలుపు తీయగానే కంచు పలికినట్టు స్పష్టంగా బయటికొస్తుంది. ఫిల్టర్ ఆ తలుపు లాంటిది, ఎంత తెరవాలో మన ఇష్టం. ఇక మూడోది ఎన్వలప్. వీణ తీగ మీటితే నాదం చటుక్కున లేచి మెల్లగా కరిగిపోతుంది. నాదస్వరంలో ఊదినంతసేపూ నిలబడుతుంది. ఈ లేవడం, నిలవడం, కరగడం ఎంతెంతసేపు ఉండాలో నిర్ణయించేదే ఎన్వలప్. ఒకే ముడి నాదం వీణలా వినిపించాలా, నాదస్వరంలా వినిపించాలా అన్నది సగానికి పైగా దీని చేతిలోనే ఉంటుంది.

ఈ భాగాలన్నీ ఒకదానికొకటి చెప్పుకునే భాష వోల్టేజి. మోగ్ పెట్టుకున్న లెక్క సులువుగా ఉంటుంది. కింది ‘స’ నుంచి పై ‘స’కి వెళ్లాలంటే సరిగ్గా ఒక వోల్టు పెరగాలి. మధ్యలో పన్నెండు స్వరస్థానాలు. అంటే ఒక స్వరస్థానం నుంచి ఇంకోదానికి వోల్టులో పన్నెండో వంతు, సుమారు 83 మిల్లీవోల్టుల తేడా. ఇక్కడే వచ్చింది చిక్కంతా. అప్పటి ట్రాన్సిస్టర్లు వేడికి చలించేవి. గది కాస్త వేడెక్కితే చాలు, పది ఇరవై మిల్లీవోల్టులు అటో ఇటో జారేది. చెవి ఉన్నవాడికి అది అపస్వరమే. సుత్తి దెబ్బా, నాలుగు స్వరాలకోసారి ఆపి చూసుకోవడమూ ఇందుకే.

అసలైన ఇబ్బంది ఇంకొకటుంది. ఆ సింథసైజర్ ఒక్కసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. రెండు మీటలు కలిపి నొక్కితే ఒకటే వినిపిస్తుంది. హార్మోనియం మీద ఎడమ వేలు ‘స’ మీద ఆనించి కుడిచేత్తో పాట వాయించే పని కూడా దీని మీద కుదరదు. పైగా ఒక మీట మీద నుంచి వేలు పూర్తిగా తీస్తేనే రెండో స్వరం సరిగ్గా మొదలయ్యేది. స్వరాన్ని స్వరానికి అంటించి వాయించడం కష్టం. మూడు స్వరాలు ఒకేసారి కలిసి మోగే ‘కార్డ్’ కావాలంటే మూడుసార్లు వాయించి, ఒకదాని మీద ఒకటి పేర్చాలి.

పేర్చడానికి టేపు కావాలి. మామూలు స్టీరియో టేపులో రెండు ట్రాకులుంటాయి. కార్లోస్‌కి ఎనిమిది కావాల్సి వచ్చాయి. ఆ రోజుల్లో ఎనిమిది ట్రాకుల రికార్డర్ ఇంట్లో పెట్టుకునే వస్తువు కాదు. ఆంపెక్స్ కంపెనీ విడిభాగాలు తెచ్చి తనే ఒకటి కట్టుకుంది. ఆమెకు అది కొత్త విద్యేం కాదు. బ్రౌన్ యూనివర్సిటీలో సంగీతం, భౌతిక శాస్త్రం రెండూ చదివింది. తర్వాత కొలంబియా యూనివర్సిటీలో స్వరరచన చదివి, అక్కడి ఎలక్ట్రానిక్ మ్యూజిక్ సెంటర్లో పనిచేసింది. పొట్టకూటికి రికార్డింగ్ స్టూడియోలో ఇంజనీర్‌గా ఉండేది. సంగీతం తెలిసినవాళ్లకు సోల్డరింగ్ రాదు, సోల్డరింగ్ వచ్చినవాళ్లకు బాఖ్ తెలియదు. ఈమెకు రెండూ వచ్చు. మోగ్‌కి కూడా ఆమె ఉత్త కొనుగోలుదారు కాదు. వేలు ఎంత గట్టిగా నొక్కితే స్వరం అంత బలంగా పలికేలా కీబోర్డు ఉండాలని పట్టుబట్టి చేయించుకున్న మనిషి. మోగ్ ఆమె సలహాలు విని యంత్రాన్ని మారుస్తూ పోయాడు.

ఇప్పుడు అసలు ప్రశ్నకొద్దాం. ఇన్ని ఇబ్బందులున్న వాయిద్యం మీద బాఖే ఎందుకు? మోజార్టో బీథోవెనో ఎందుకు కాలేదు? పేరుకోసం, అమ్మకాల కోసం అని తేలిగ్గా చెప్పేయొచ్చు. నేను ఒప్పుకోను. ఆ వాయిద్యానికున్న లోపానికీ బాఖ్ సంగీతానికున్న స్వభావానికీ జోడీ కుదిరింది. ఈ ఆల్బమ్ విజయంలో సగం అక్కడే ఉంది.

మన సంగీతంలో పాట ఒకటే. గాయకుడు ఏ దారిన పోతే వయొలిన్ ఆ వెనకే నడుస్తుంది, తంబురా శ్రుతి పట్టి ఉంటుంది. బాఖ్ దగ్గర అలా కాదు. ఒకే సమయంలో రెండు, మూడు, నాలుగు పాటలు ఎవరి దారిన వాళ్లు నడుస్తుంటాయి. ఏదీ ఇంకోదానికి పక్కవాద్యం కాదు. అయినా ఎక్కడా కొట్టుకోవు. దీన్నే కౌంటర్‌పాయింట్ అంటారు. ఈ ఆల్బమ్‌లోనే ఉన్న ఎఫ్ మేజర్ ఇన్వెన్షన్ అనే చిన్న కీబోర్డు రచన వినండి, నిమిషం కూడా పట్టదు. కుడిచేయి మెట్లెక్కినట్టు ఒక పల్లవి ఎత్తుకుంటుంది. ఒక ఆవర్తనం గడవగానే ఎడమచేయి అదే పల్లవిని కింది స్థాయిలో ఎత్తుకుని వెంటపడుతుంది. అప్పటికి కుడిచేయి ఇంకెక్కడికో వెళ్లిపోయి ఉంటుంది. పిల్లల దొంగాట లాంటిది. మొత్తం రచనలో రెండు గొంతులే. ఒక్కో గొంతుకు ఒక్కసారికి ఒక్క స్వరమే.

ఒక్క స్వరమే పలికే వాయిద్యానికి ఇంతకంటే ఏం కావాలి? రెండుసార్లు వాయిస్తే చాలు. కార్లోస్ మొదట చేసి చూసినవాటిలో ఈ రచన ఉండటం యాదృచ్ఛికం కాదనుకుంటాను. పంతొమ్మిదో శతాబ్దపు రొమాంటిక్ కాలం పియానో రచనలు తీసుకుని ఉంటే దట్టమైన కార్డులు, పెడల్ తొక్కితే ఒకదాంట్లో ఒకటి కలిసిపోయే స్వరాలు ఉండేవి. వాటితో ఈ యంత్రం చతికిలపడేది.

జోడీ ఇంకో రకంగానూ కలిసొచ్చింది. పియానో మీద రెండు చేతులదీ ఒకే గొంతు. చెవికి అలవాటు లేకపోతే ఏది ఏ పాటో విడదీసుకోలేం. మోగ్ మీద ఒక్కో పాటకి ఒక్కో నాదం తయారు చేసుకోవచ్చు. ఒకటి గాజు మీద గోటితో కొట్టినట్టు, ఇంకోటి చెక్కలోంచి గరగరలాడుతూ, ఒకటి ఎడమ స్పీకర్లో, ఇంకోటి కుడి స్పీకర్లో. శాస్త్రీయ సంగీతం ఓనమాలు తెలియని వాళ్లకు కూడా మూడు పాటలు విడివిడిగా వినిపించాయి. క్లాసికల్ రికార్డు ముట్టని కుర్రకారు దీన్ని కొన్నారంటే కారణం యంత్రం మీద మోజు ఒక్కటే కాదు. బాఖ్ ఏం చేస్తున్నాడో వాళ్లకు మొదటిసారి అర్థమైంది.

బ్రాండెన్‌బర్గ్ కాన్చెర్టోలనే వాద్యబృంద రచనల్లో మూడోది మాత్రం వేరే లెక్క. బాఖ్ దాన్ని మూడేసి వయొలిన్లు, వయోలాలు, చెల్లోలు, అంటే తొమ్మిది తీగ వాద్యాలకూ, వాటి కింద బేస్‌కీ రాశాడు. ఎనిమిది ట్రాకుల్లో అదెలా పడుతుంది? కొన్ని ట్రాకులు నింపి, వాటిని కలిపి ఒకటి రెండు ట్రాకుల్లోకి దించి, ఖాళీ అయిన చోట మళ్లీ వాయించడం. ఒకసారి కలిపేశాక విడదీయడం కుదరదు. మూడు వారాల కింద వాయించిన వయోలా కాస్త ఎక్కువైందని ఇవాళ అనిపించినా చేసేదేమీ లేదు. నాదాలను సేవ్ చేసుకునే సదుపాయమూ లేదు. నిన్నటి నాదం ఇవాళ మళ్లీ కావాలంటే నాబ్‌లు, వైర్లు అన్నీ చేత్తో పెట్టుకోవాల్సిందే.

అదే కాన్చెర్టోలో రెండో భాగానికి బాఖ్ రాసిపెట్టింది రెండంటే రెండు కార్డులు. మిగతాది వాయించేవాళ్ల కల్పనకు వదిలేశాడు. మామూలు ఆర్కెస్ట్రాలు అక్కడ వయొలిన్‌తో చిన్న తీగ సాగదీసి ముందుకెళ్తాయి. కార్లోస్ అక్కడ తన సొంత సంగీతం పెట్టింది. నాదాలు జారుతూ, గుసగుసలాడుతూ, బాఖ్ కాలంలో ఎవరూ విననివి. ఆల్బమ్ అంతటా బాఖ్‌కి లోబడి ఉన్న మనిషి ఆ కాసేపు మాత్రం ‘నేనూ ఉన్నాను’ అంటుంది.

అలాగని అన్నీ బాగున్నాయని కాదు. ‘ఎయిర్’ అనే నిదానమైన రచన నాకు ఇందులో ఎప్పుడూ రుచించలేదు. స్వరాన్ని స్వరానికి అంటించి, ఊపిరి బిగబట్టి లాగాల్సిన పాట అది. వేలు తీస్తే గానీ తర్వాతి స్వరం మొదలవని వాయిద్యం మీద అది సన్నగా, చలిలో నిలబడ్డట్టు వినిపిస్తుంది. గమకం అంటే ప్రాణమిచ్చే మన చెవులకు మరీను.

సంప్రదాయవాదులు అపచారం అన్నారు. కానీ ఇందులో అపచారం ఎక్కడుంది? ఆల్బమ్‌లో మొదటి రచన, 29వ కంటాటా (గాయకులకూ వాద్యబృందానికీ రాసిన రచన) ఆరంభ సంగీతం, బాఖ్ దాన్ని అసలు ఒంటరి వయొలిన్ కోసం రాశాడు. మూడో పార్టీటా (కొన్ని చిన్న భాగాల వరుస) మొదటి భాగం అది. ఆయనే తర్వాత దాన్ని ఆర్గన్‌కి మార్చి, వెనక ఆర్కెస్ట్రా పెట్టాడు. సొంత రచనను ఒక వాయిద్యం నుంచి ఇంకోదానికి మార్చడం ఆయనకు నిత్యకృత్యం. తెలుగువాళ్లలో చాలామంది ఈ రచనను బాఖ్‌దని తెలియకుండానే విని ఉంటారు. ఇళయరాజా 1986లో త్యాగయ్యకూ బాఖ్‌కూ అంకితమిచ్చిన ‘హౌ టు నేమ్ ఇట్’లో, బాఖ్ మా ఇంటికొచ్చాడన్న అర్థం వచ్చే పేరుతో ఒక రచన ఉంది. అందులో వయొలిన్ మీద పరుగెత్తేది ఈ పార్టీటాయే. ఒకరు దాన్ని వైర్ల పెట్టెలోకి దింపారు, ఇంకొకరు మన రాగాల పక్కన కూర్చోబెట్టారు. రెండుచోట్లా అది చెక్కుచెదరలేదు.

పియానిస్టు గ్లెన్ గూల్డ్, బాఖ్ విషయంలో ఆయన మాటకు తిరుగు లేదు, ఈ ఆల్బమ్‌ను ఆకాశానికెత్తాడు. బిల్‌బోర్డ్ పత్రిక వేసే అమెరికా ఆల్బమ్‌ల ప్రధాన జాబితాలో, పాప్, రాక్ రికార్డుల మధ్య, ఇది పదో స్థానం దాకా వెళ్లింది. క్లాసికల్ జాబితాలో 1969 జనవరి నుంచి 1972 జనవరి దాకా మొదటి స్థానంలో ఉంది. 1970లో మూడు గ్రామీలు వచ్చాయి.

ఇంత పేరొచ్చినప్పుడు కార్లోస్ జనంలోకి రావడం మాత్రం బాగా తగ్గించుకుంది. ఆల్బమ్ అట్ట మీద ఉన్నది ఆమె పాత పేరు, మగ పేరు. 1968కే ఆమె స్త్రీగా మారే చికిత్స మొదలుపెట్టింది. ఆ సంగతి బయటికి చెప్పింది 1979లో, ఒక పత్రిక ఇంటర్వ్యూలో. అంటే కళాకారులు ఊరూరా తిరిగి కచేరీలు చేసుకోవాల్సిన పదేళ్లూ ఆమె దాదాపు దాక్కునే ఉంది. ఆ కాలంలో ఆమెకు అండగా నిలిచింది నిర్మాత రేచల్ ఎల్కైండ్. ఈ ఆల్బమ్‌ను కొలంబియా దాకా చేర్చిన పాత్ర కూడా ఆమెదే.

మరి దీని ప్రభావం ఏమిటి? ఇక్కడ రెండు విషయాలు కలగాపులగం అయిపోతుంటాయి.

మొదటిది గాలివాటం. ఒక రికార్డు అమ్ముడుపోగానే మిగతా కంపెనీలన్నీ మోగ్‌ల మీద పడ్డాయి. రాక్ పాటలు, కంట్రీ పాటలు, క్రిస్మస్ పాటలు అన్నిటికీ ముందు ‘స్విచ్డ్ ఆన్’ అనో ‘మోగ్’ అనో తగిలించి వదిలారు. చాలావాటిలో ఓపిక లేదు. యంత్రం కొంటే చాలు, అదే వాయిస్తుందనుకున్నారు, అదే పాత అపోహ. రెండు మూడేళ్లలో ఆ మోజు చల్లారింది. మోగ్ కంపెనీ కూడా 1971కి చేతులు మారింది.

రెండోది నెమ్మదిగా వచ్చింది, నిలబడింది. ఇంగ్లండ్‌లో రాక్ కీబోర్డు వాద్యకారుడు కీత్ ఎమర్సన్ ఒక రికార్డు షాపులో ఈ ఆల్బమ్ విని, ఆ బీరువాను తెప్పించుకుని రాక్ వేదికల మీదకు ఎక్కించాడు. జపాన్‌లో స్వరకర్త ఇసావో తోమితా ఇది విని అమెరికా నుంచి మోగ్ తెప్పించుకుంటే, కస్టమ్స్‌వాళ్లు అది సంగీత వాయిద్యమంటే నమ్మలేదు. బాఖ్ రికార్డు అట్ట చూపించినా వినలేదు. పెట్టె చాలాకాలం అక్కడే ఉండిపోయింది. విడిపించుకున్నాక తోమితా దాని మీద ఫ్రెంచి స్వరకర్త దెబుస్సీ రచనలను ఒక్కో పొరా పేరుస్తూ 1974లో ఆల్బమ్ చేశాడు. ఆయన దగ్గర సహాయకుడిగా పని నేర్చుకున్న హిదెకి మత్సుతాకే తర్వాత ఎల్లో మ్యాజిక్ ఆర్కెస్ట్రా అనే జపాన్ ఎలక్ట్రానిక్ పాప్ బృందానికి సింథసైజర్ ప్రోగ్రామర్ అయ్యాడు. అక్కడి నుంచి టెక్నో అనే ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతం దాకా దారి పెద్ద దూరం కాదు.

వీళ్లెవరూ బాఖ్‌ని అనుకరించలేదని గమనించాలి. వాళ్లకు అందింది పని పద్ధతి. ఒక మనిషి, ఒక గది, ఒక యంత్రం. ముందు ఒక స్వరాల వరుస వాయించు, విను, దాని మీద ఇంకొకటి వాయించు. నాదాన్ని దుకాణంలో కొనకుండా నువ్వే తయారు చేసుకో. ఆర్కెస్ట్రా అంతా నువ్వే. ఇవాళ కూకట్‌పల్లిలో హాస్టల్ గదిలో ల్యాప్‌టాప్ ముందు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ట్రాకుల మీద ట్రాకులు పేర్చే కుర్రాడు చేస్తున్నది సరిగ్గా ఇదే. కాకపోతే అతనికి ట్రాకులు లెక్కలేనన్ని, శ్రుతి జారదు, సుత్తితో పనిలేదు.

కార్లోస్ మాత్రం బాఖ్ దగ్గరే ఆగిపోలేదు. 1972లో ‘సోనిక్ సీజనింగ్స్’ అని నాలుగు రుతువుల మీద రెండు ఎల్పీలు చేసింది. వాన, పిట్టలు, గాలి, వాటి మధ్యలోంచి మోగ్ నాదాలు. పరిసరాల్లో కలిసిపోయేలా నెమ్మదిగా సాగే సంగీతానికి యాంబియెంట్ అనే పేరు ఇంకా వాడుకలోకి రాని రోజులవి. నన్నడిగితే స్వరకర్తగా ఆమె ఎవరో ఇందులోనే ఎక్కువ తెలుస్తుంది. కానీ జనానికి ఆమె ఎప్పటికీ బాఖ్ మనిషే. 1992లో, ఆల్బమ్‌కి పాతికేళ్లు దగ్గరపడుతుండగా, అవే రచనలను డిజిటల్ సింథసైజర్ల మీద, బాఖ్ కాలం నాటి పాత శ్రుతి పద్ధతులతో మళ్లీ చేసింది. వేడికి జారిపోయే శ్రుతితో కుస్తీ పట్టిన మనిషికి చివరికి ఏ శ్రుతి కావాలంటే ఆ శ్రుతి పెట్టుకునే వీలు దొరికింది.

ఇంత చెప్పాక ఎక్కడ వినాలని అడుగుతారు. అదే ఇబ్బంది. ఆమె ఆల్బమ్‌లు పెద్ద స్ట్రీమింగ్ యాప్‌లలో లేవు, సీడీల ముద్రణ ఎప్పుడో ఆగిపోయింది. పాత ఎల్పీలే దిక్కు. దొరికితే అట్ట ఒకసారి చూడండి. విగ్గు పెట్టుకుని బాఖ్ వేషం వేసిన ఒకాయన మోగ్ ముందు నిలబడి ఉంటే అది తర్వాతి ముద్రణ. కూర్చుని, హెడ్‌ఫోన్స్ దగ్గర వింతగా మొహం పెట్టి ఉంటే అది మొదటిది. కార్లోస్‌కీ ఎల్కైండ్‌కీ ఆ వెటకారం నచ్చక మార్పించారు. ఆ మొదటి బొమ్మలో హెడ్‌ఫోన్ వైరు ఎక్కడికి వెళ్తోందో వేలితో వెంబడించి చూడండి. ఫిల్టర్లోంచి శబ్దం బయటికొచ్చే రంధ్రంలో కాకుండా లోపలికి వెళ్లే రంధ్రంలో గుచ్చారు. ఆ ఫిల్టర్‌కి ఇంకే వైరూ తగిలించలేదు. పాపం బాఖ్‌కి అక్కడ ఏమీ వినపడట్లేదు.